మిషన్ భూమన్న హాలు గోడ

ఆ పొద్దున భూమేశ్ పెట్టుకున్న పనులు మూడే మూడు. ఒకటి, రెండు జొన్నరొట్టెలు తిని బయటపడటం. రెండు, దారిలో కొత్త ఇంటి దగ్గర ఆగి హాలుకు ఏ రంగు వెయ్యాలో తేల్చెయ్యడం. మూడు, ఎనిమిదింటికల్లా వడ్ల కొనుగోలు కేంద్రంలో ఉండటం. మొదటిదానికి పావుగంట, మూడోదానికి పొద్దంతా పడుతుందనీ, నడిమి పనికి ఐదు నిమిషాలు కూడా ఎక్కువేననీ ఆయన అంచనా. అలా అనుకోవడానికి ఆయనకు హక్కుంది. బాన్సువాడ చుట్టుపక్కల ఊళ్ళలో ఆయన్ని భూమేశ్ అని పిలిచేవాళ్ళు చాలా తక్కువ. అందరికీ ఆయన మిషన్ భూమన్న.

ఆ పేరు ఊరికే రాలేదు. కేంద్రంలో వడ్లు కొనాలంటే తేమ పదిహేడు శాతం దాటకూడదు. అది కొలవడానికి అక్కడో మిషన్ ఉంది. గుప్పెడు గింజలు పోసి మీట నొక్కితే అంకె చూపిస్తుంది. భూమేశ్‌కు మీటలూ గీటలూ అక్కర్లేదు. కుప్ప ముందు నిలబడి, నడుమైనా వంచకుండా, గింజ రంగు చూసి "పదహారున్నర" అంటాడు. మిషన్ పెడితే పదహారున్నరే ఉంటుంది. మూడేళ్ళ కింద ఒకసారి మిషన్ పద్దెనిమిదన్నది, ఈయన పదహారన్నాడు. మాటా మాటా పెరిగి, ఇంకో కేంద్రం నుంచి ఇంకో మిషన్ తెప్పించి చూస్తే తప్పు మొదటి మిషన్‌దని తేలింది. ఆనాటి నుంచి భూమేశ్ నడకే మారిపోయింది. కాస్త వెనక్కి వాలి, గడ్డం ఎత్తి, ఎదురుగా ఉన్న ప్రపంచమంతా ఆరబోసిన వడ్లే అన్నట్టు చూస్తూ నడుస్తాడు.

ఇక ఇల్లు. ఎనిమిదెకరాల వరి, రెండెకరాల చెరుకు, ఇరవై ఆరేళ్ళ కాపురం కలిసి లేపిన ఇల్లు అది. కాపురంలో సగం, నాట్లలో సగానికంటే ఎక్కువ గంగామణిది. ఇంట్లో మాత్రం గేటు నుంచి మేడమీది ట్యాంకు దాకా ప్రతిదీ భూమేశ్ కన్ను ఏరిందే. తలుపు చెక్క ఆయనదే, నేల బండల రంగు ఆయనదే. ఆఖరికి వంటగది గట్టు ఎత్తు కూడా ఆయన నడుముకు కొలిచి కట్టించాడు. ఆ గట్టు మీద ఆయన ఇంతవరకు ఒక్క ఉల్లిగడ్డ కోసిన పాపాన పోలేదు. గంగామణి రొట్టెలు చేయాలంటే పీట వేసుకుని ఎక్కాలి. స్లాబ్ వేసిన నాడు భోజనాల దగ్గర ఒక్కటే అడిగింది, హాలు గోడల రంగు తాను చెబుతానని. ఎదురుగా గంగామణి అన్న వెంకట్రాములు కూర్చుని ఉన్నాడు. బావమరిది ముందు భూమేశ్ ఛాతీ ఇంకాస్త పొంగింది.

"హాలు రంగు నీదే గంగామణి. అండ్ల నేను నోరు తెరుస్తే అడుగు" అన్నాడు, అందరికీ వినపడేలా.

గంగామణి పదిహేను రోజులు తీసుకుంది. రంగుల కార్డును ఎండలో పెట్టి చూసింది, నీడలో పెట్టి చూసింది, పొయ్యి పక్కన, బియ్యం డబ్బా పక్కన, తన పెళ్ళి చీర పక్కన పెట్టి చూసింది. ఆఖరికి మూడువందల పన్నెండో నంబరు మీద వేలు పెట్టింది. తెలుపు కాదు, పసుపు కాదు, బర్రె ఈనిన మూడోనాటి జున్నుపాల రంగు. అందులో ఒక వెచ్చదనం ఉంది, చూడగానే ఇంట్లోకి రమ్మన్నట్టుంటుంది. భూమేశ్ కార్డు తీసుకుని చూశాడు. ఆయన కన్ను పన్నెండు మీద నిలవలేదు. ఒక్క గడి కిందికి జారి పదమూడు మీద ఆగింది. నాలుగెండలు తిన్న ఎండు వడ్ల రంగు అది. నిజం చెప్పాలంటే ఆ రెంటికీ తేడా కనిపెట్టాలంటే మామూలు మనిషి కార్డును ముక్కుకు ఆనించుకోవాలి. కానీ మామూలు మనిషి సంగతి ఇక్కడ ఎవరిక్కావాలి.

నోరు తెరవనన్నాడు కనుక నేరుగా వద్దనలేడు. అందుకని ఒక న్యాయమైన ఉపాయం పన్నాడు. రెండు రంగులూ కిటికీకి అటొకటి ఇటొకటి చేటంత మేర వేయించాలి. ఏది ఏదో తనకు ఎవరూ చెప్పకూడదు. తను చూసి, మంచిదేదో చెబుతాడు. అది గంగామణిదైతే సంతోషమే. గంగామణికి ఈ న్యాయంలో న్యాయం ఎంతుందో వెంటనే తెలిసిపోయింది. ఆమె రోటి దగ్గర కూర్చుని పచ్చడి నూరుతూ సరేనంది. కొంచెం గట్టిగా నూరింది, అంతే.

గంగామణి రంగు డబ్బా మొన్ననే వచ్చింది. భూమేశ్ తన డబ్బాను నిన్న సాయంత్రం దుకాణంలో దగ్గరుండి కలిపించుకుని, యూరియా సంచితో కుట్టిన చేతిసంచిలో వేసి, మోటారు సైకిలుకు తగిలించుకుని బయలుదేరాడు. దారిలో కేంద్రం దగ్గర ఎవరో కేకేసి వడ్లు చూడమన్నారు. చూశాడు, చెప్పాడు, మెప్పు పొందాడు. ఆ మెప్పులో ఇంకేదీ గుర్తుండలేదు.

పొద్దున ఏడు దాటాక ఆయన కొత్త ఇంటికి చేరేసరికి గోడ మీద రెండు మచ్చలూ సిద్ధంగా ఉన్నాయి, గంగామణి కూడా అప్పటికే వచ్చి ఉంది. పెయింటర్ దేవ్‌సింగ్ ఊరవతలి తండావాడు. చేతిలో పని ఎంత శుభ్రమో నోట్లో మాట అంత పొదుపు. ఆదివారం గృహప్రవేశం, ఇవాళ బుధవారం. మధ్యాహ్నం హాలు మొదలుపెడితే తప్ప పని తెమలదని ముందే చెప్పి ఉన్నాడు. భూమేశ్ గడపలో నిలబడి, చెయ్యి అడ్డం పెట్టి అందరినీ ఆపాడు.

"అన్నా, గా డబ్బా..." అని దేవ్‌సింగ్ ఏదో మొదలుపెట్టాడు.

"చెప్పొద్దన్న గద."

"గది కాదు, నీ డబ్బా ఏడ..." అని గంగామణి అందుకుంది.

"ఒక్కరు నోరు తెరువొద్దు. నా కన్ను చెప్తది" అని భూమేశ్ గోడకు ఎదురుగా వెళ్ళి, వెనక్కి వాలి, గడ్డం ఎత్తాడు.

ఎడమది కాస్త ముదురుగా, నిండుగా ఉంది. కుడిది లేతగా, పాలవెలుగుతో ఉంది. భూమేశ్ మీసం కింద చిరునవ్వు పాకింది. ఇంత సులువని తెలిస్తే రొట్టె ఇంకొకటి తినేవాడు. ఎడమది తన పదమూడు, కుడిది గంగామణి పన్నెండు, చిన్నపిల్లల్ని అడిగినా చెబుతారు. మనసులో అనుకుంటే పోయేది, పైకే అన్నాడు.

"ఎడమది ఎండిన వడ్లు, పదహారు శాతం. కుడిది పచ్చిది, ఇర్వై పైన్నే ఉంటది. ఎడమదే ఎయ్యి దేవ్‌సింగ్. గంగామణి, నీది మంచిగనే ఉన్నది గని, జెర పచ్చిది."

దేవ్‌సింగ్ గంగామణి వైపు చూశాడు. గంగామణి గోడవైపు చూసింది. ఆమె ముఖంలో ఒక క్షణం ఏదో మెదిలింది, కోపం మాత్రం కాదు. చీపురు అందుకుంది. తనకు తెలిసిన గంగామణి ఇంత తేలిగ్గా ఓడిపోయే మనిషి కాదని భూమేశ్‌కు తోచాల్సింది. తోచలేదు. బండి ఎక్కాడు. చేతిసంచి మోకాలికి టక్కుటక్కున తగులుతుంటే, మోటారు రిపేరు సామాను ఇంకా తియ్యలేదు కాబోలు అనుకున్నాడు.

కేంద్రంలో ఆ పూట లారీలు రాలేదు. కుప్పల మధ్య రైతులు, హమాలీలు టవళ్ళు పరుచుకుని కూర్చుని ఉన్నారు. చెయ్యడానికి పనిలేని పాతికమంది ముందు భూమేశ్ గోడ కథ విప్పాడు. రెండు రంగులకూ శాతాలు చెప్పడం అందరికీ భలే నచ్చింది. కేంద్రం చూసే మహిళాసంఘం శ్రీలత అయితే, గోడలకు కూడా టోకెన్లు రాయాలా అన్నా అని నవ్వింది. పక్క కుప్ప దగ్గర పెంటవ్వ కూర్చుని ఉంది. ఆమెకు ఎకరన్నర వరి, అరవై దాటిన వయసు, నాలుగు రోజులుగా అక్కడే కాపలా. ఆమె గుప్పెడు వడ్లు ఎత్తి చూపిస్తే భూమేశ్ నడుం వంచకుండానే, ఇంకొక ఎండ కావాలన్నాడు. పెంటవ్వ కాళ్ళతో వడ్లు తిరగేసుకుంది. మిషన్ భూమన్న చెప్పాక ఇంకో మాట ఏముంటుంది.

ఆ ఊపులో ఆయన ఒక పని చేశాడు. చెయ్యకపోతే కథ అక్కడితో అయిపోయేది. వెంకట్రాములుకు ఫోన్ చేసి, హాలు రంగు తేలింది, చెల్లె రంగు పక్కనే తన రంగు పెట్టి న్యాయంగా తేల్చాను, వచ్చి చూసి పొమ్మని పిలిచాడు. రేపు ఎవరూ తనని మాట తప్పినవాడు అనకూడదు కదా, సాక్ష్యం ఉండాలి. వెంకట్రాములు మద్నూర్ దగ్గర ఉంటాడు. మనిషి నిదానస్తుడు, మాట మరీ నిదానం, గుర్తు మాత్రం గట్టిది. దొరికిన బస్సెక్కి పదకొండున్నరకల్లా దిగాడు.

ఇద్దరూ హాలులో అడుగుపెట్టారు. భూమేశ్ చెయ్యి చాపి "సూడు బావా" అని, తనూ చూసి, చాపిన చెయ్యి చాపినట్టే ఉంచేశాడు. ఎడమ మచ్చ ఎలా ఉందో కుడి మచ్చ అలాగే ఉంది. వెంట్రుకవాసి తేడా లేదు. కళ్ళు నులుముకున్నాడు. దగ్గరికి వెళ్ళాడు, దూరం జరిగాడు, కిటికీ మూసి చూశాడు, తెరిచి చూశాడు.

"రెండు రంగులన్నవ్ గద బావా" అన్నాడు వెంకట్రాములు నెమ్మదిగా.

భూమేశ్ కన్ను తప్పదు. అది ఆయనకు సూర్యుడు తూర్పున లేచినంత ఖాయం. కన్ను తప్పదు కనుక గోడే మారి ఉండాలి. గోడ దానంతటది మారదు కనుక ఎవరో మార్చి ఉండాలి. ఆ ఎవరో ఎవరా అని ఆలోచించడానికి ఆయనకు ఎంతోసేపు పట్టలేదు.

"నేను అటు వోంగనే నీ రంగు ఇటు గూడ ఏపిచ్చినవా గంగామణి?"

ఆ మాట అన్న తరవాతే అది ఎంత పెద్ద మాటో ఆయనకు అర్థమైంది. గంగామణి చేతిలోని చీపురు ఆగింది. ఇరవై ఆరేళ్ళలో ఆమె ఆయనకు తెలియకుండా ఒక తువాలు కూడా కొనలేదు. అన్న ముందు, పనివాడి ముందు ఆ మాట పడ్డందుకు ఆమె ముఖం ఎర్రబారింది. దేవ్‌సింగ్ గొంతు సవరించుకుని ముందుకు రాబోయాడు. ఆమె చేత్తోనే వద్దంది.

"నేను మార్చిన్నా. సరే తియ్యి. నీ కన్నున్నది గద, దాన్నే చెప్పనియ్యి" అని వాకిట్లోకి వెళ్ళిపోయింది.

భూమేశ్‌కు లోపల గుచ్చుకుంది. కానీ గుచ్చుకున్నది పైకి చెప్పడం ఆయనకు అలవాటు లేని పని. అలవాటున్న పని చేశాడు, అంటే హుకుం జారీ చేశాడు. ఎడమవైపు మళ్ళీ రంగు వెయ్యమని దేవ్‌సింగ్‌తో అన్నాడు.

"ఏ డబ్బలకెళ్ళి అన్నా?"

"నాకు చెప్పొద్దన్న గద. ఉన్నదాంట్లకెళ్ళి ఎయ్యి."

దేవ్‌సింగ్ ఉన్నదాంట్లో బ్రష్ ముంచి ఎడమవైపు వేశాడు. ముగ్గురూ చూశారు. ఇప్పుడు తేడా కొట్టొచ్చినట్టు కనపడుతోంది. భూమేశ్ ప్రాణం లేచొచ్చింది. కాకపోతే ఇప్పుడు ఎడమది లేతగా, కుడిది ముదురుగా ఉంది.

"బరోబర్, ఇప్పుడు తెలుస్తున్నయ్. కుడిది నాది" అన్నాడు.

"పొద్దుగాల ఎడమది నీదని ఫోన్ల చెప్పినవ్" అని వెంకట్రాములు గుర్తుచేశాడు. చెప్పానుగా, గుర్తు గట్టిదని.

అప్పుడే ఎదురింటి కనకరత్నం గారు లోపలికి వచ్చారు. గోదావరి వైపు నుంచి వాళ్ళ మామగారి కాలంలో వచ్చి, కాలువ కింద భూములు కొని స్థిరపడ్డ కుటుంబం. కొత్తగా రంగులు వేసిన ప్రతి ఇంటినీ ఆవిడ చూడక మానరు. చూసి ఒక మాట చెప్పక అసలు మానరు. "ఎడమది మీగడలా ఉందండి అన్నయ్య గారూ, కుడిది చందనంలా ఉంది. మీగడే వేయించండి, మీ ఆవిడ మనసులా ఉంటుంది" అన్నారు. మంచి మాటే, కానీ మనిషి మీద నింద వేసిన పావుగంటకు వినాల్సిన మాట కాదు. భూమేశ్ మొహం కందగడ్డ చేసుకుని, దేవ్‌సింగ్ ఏదో డబ్బా తప్పు ముంచాడని తీర్మానించి, కాసేపటికి కుడివైపు కూడా ఇంకోసారి వెయ్యమన్నాడు. ఈలోగా అందరూ అన్నం తిన్నారు. గంగామణి వడ్డించింది. చారు కావాలా అని కూడా అడగలేదు, గిన్నె ముందు పెట్టింది.

ఒంటిగంటన్నర ప్రాంతంలో వాకిట్లో ట్రాక్టరు చప్పుడైంది. లారీలు సాయంత్రానికి గానీ రావట. గోడ సంగతి విన్న రైతులు, హమాలీలు పదిహేనుమంది ట్రాలీలో ఎక్కి వచ్చేశారు. ముందు పెంటవ్వ దిగింది. శ్రీలత కూడా వచ్చింది, పైకి మాత్రం మంచినీళ్ళ కోసమని. వాళ్ళంతా హాలులోకి వచ్చి గోడను కుప్పను చూసినట్టే చూశారు. కొందరు గొంతుక్కూర్చున్నారు, కొందరు ఒక కన్ను మూశారు. ఒకాయన భూమేశ్ కుప్పలోంచి గుప్పెడు వడ్లు కూడా తెచ్చాడు. వాటిని గోడకు దగ్గరగా పట్టి ఎటు కలిస్తే అటే అసలైన ఎండు వడ్ల రంగు అన్నాడు. కుడివైపు అప్పుడే దేవ్‌సింగ్ బ్రష్ దించాడు. ఎడమవైపు వేసి గంటన్నర దాటింది. వడ్లు ఎడమవైపు అచ్చం కలిసిపోయాయి. కుడిదే బాగుందన్నవాళ్ళు ఆరుగురు, ఎడమదన్నవాళ్ళు తొమ్మిదిమంది తేలారు. గట్టిగా వాదించుకున్నారు. ఒక ట్రిప్పు చాయ్ కూడా తాగారు.

దేవ్‌సింగ్ గడియారం లేని గోడ వైపే టైము చూసినట్టు చూసి, ఇంకో అరగంట దాటితే ఆదివారానికి హాలు కాదన్నాడు. వెంకట్రాములు గొంతు సవరించుకున్నాడు.

"బావా, ఆఖరి మాట నువ్వే చెప్పు. ఇగ తిప్పుడు లేదు."

గంగామణి వంటగది గుమ్మంలో నిలబడి ఉంది. భూమేశ్ ఆమె వైపు చూడలేదు. చూస్తే చెప్పలేనని భయం. పదిహేనేళ్ళుగా ఏ కుప్ప ముందూ తడబడని మనిషి సొంత గోడను ఒకటికి రెండుసార్లు చూశాడు. ఇప్పుడు తప్పితే రేపటి నుంచి కేంద్రంలో ఎవడూ గింజ చూపించడు. ఇప్పుడు తను గెలిస్తే ఇంట్లో ఆమెకంటూ మిగిలిన ఒక్క గోడ కూడా పోతుంది. ఏదైతే అదయిందని గడ్డం ఎత్తాడు. కన్ను ఏం చూస్తే అదే చెప్పాడు.

"ఎడమది. ఎండినది అదే. కుడిది పచ్చి, ఇర్వై శాతానికి తక్కువుండది."

పెంటవ్వ లేచింది. ఆమె మిగతావాళ్ళలా కన్ను మూసి చూసే రకం కాదు. వడ్లయినా బట్టలయినా చేత్తో పట్టి చూస్తుంది. చేతికర్ర గోడకు ఆనించి, కుడి మచ్చ మీద అరచెయ్యి పూర్తిగా ఆనించింది. తీసింది. అరచేతినిండా రంగు.

"నిజమే కొడుకా. గిది ఇంక తడిగనే ఉన్నది."

తర్వాత ఎడమదాని మీద రెండో చెయ్యి వేసింది. చెయ్యి పొడిగా వచ్చింది. పెంటవ్వ ఆ చెయ్యీ ఈ చెయ్యీ పక్కపక్కన పెట్టుకుని చూసుకుని, రంగులు రెండని ఎవరన్నారని దేవ్‌సింగ్‌ను అడిగింది.

"డబ్బ ఒక్కటే ఉన్నదవ్వా. వదినది. పొద్దుగాల ఎడమ దిక్కు ఒక మచ్చ ఏసిన. అన్న డబ్బ వచ్చేదాంక గోడ లప్పం ఎంత రంగు తాగుతదో సూద్దామని కుడి దిక్కు గూడ అదే ఏసిన. చెప్తమంటే అన్న చెప్పనియ్యలే." దేవ్‌సింగ్ ఆ ఏడాదిలో అంత పొడుగు మాట మాట్లాడటం అదే మొదలు.

గంగామణి వాకిట్లోకి వెళ్ళి, మోటారు సైకిలుకు వేలాడుతున్న యూరియా సంచి తెచ్చింది. అందులోంచి టవలు తీసింది, రెండు సాంపుల్ వడ్ల మూటలు తీసింది, ఆ కింద నుంచి మూత కూడా విప్పని రంగు డబ్బా తీసి భూమేశ్ ముందు నేల మీద పెట్టింది. మూత మీద మూడువందల పదమూడు అని ఎర్రగా రాసి ఉంది.

"పొద్దుగాల సంది ఊరంత తిప్పుకొచ్చినవ్. మిషన్‌కు కన్ను మంచిగనే ఉన్నది. చెవులే లేవు."

భూమేశ్‌కు తల కొట్టేసినట్టయింది. గింజలో అర శాతం తేడా చెప్పగల మనిషి, సొంత ఇంటి గోడ మీద తడికీ పొడికీ పొద్దంతా రెండు పేర్లు పెట్టుకుని తిరిగాడు. ఇరవైమంది కళ్ళు ఆయన మీదే ఉన్నాయి. ఎవరో ఒకరు నవ్వితే అందరూ నవ్వేవాళ్ళే. నవ్వకముందే పెంటవ్వ అంది.

"ఎందుకు బిడ్డా తల దించుతవ్. ఎడమది ఎండింది, కుడిది పచ్చిదన్నవ్. ఎండిందే ఎండింది, పచ్చిదే పచ్చిది. పొద్దుగాల గూడ గట్లనే అన్నవట. మిషన్ ఏడ తప్పింది? మనిషి తప్పిండు."

హమాలీలు ఒక్క క్షణం ఆలోచించి, అవునన్నారు. తేమ చెప్పమంటే తేమే చెప్పాడు, అది రంగనుకున్నది ఆయన పొరపాటు. ఆరు, తొమ్మిది ఓట్లవాళ్ళు తాము వాదించిన సంగతి వెంటనే మరిచిపోయి భూమన్న కన్నును మెచ్చుకోవడం మొదలుపెట్టారు. శ్రీలత అయితే, గోడల తేమ చెప్పేవాడు జిల్లాలో ఇంకొకడు లేడని గర్వంగా ప్రకటించింది.

పరువు తిరిగొచ్చింది. కానీ ఆశ్చర్యం, దాని మీద భూమేశ్‌కు అంతగా మనసు పోలేదు. ఆయన గుమ్మంలో నిలబడ్డ మనిషినే చూస్తున్నాడు. ఒక గోడ అడిగింది ఆమె. ఇస్తానని పదిమందిలో అని, ఇవ్వకుండా ఉండటానికి ఇంత తిరుగుడు తిరిగి, చివరికి దొంగతనం కూడా అంటగట్టాడు. దగ్గాడు.

"నిన్ను గా మాట అనుడు తప్పే గంగామణి. అందరి ముందల అన్న, అందరి ముందల్నే అంటున్న, తప్పే. హాలు రంగు నీదే. దేవ్‌సింగ్, ఇగ మొదలువెట్టు."

"నీకు నచ్చాలె గద" అంది గంగామణి. గొంతులో ఇంకా కొంచెం కారం ఉంది.

"పొద్దుగాల సంది మూడుసార్లు నచ్చింది" అన్నాడు భూమేశ్.

వెంకట్రాములు వేళ్ళు మడిచి లెక్కపెట్టి, మూడుసార్లేనని ధ్రువీకరించాడు. గంగామణి అప్పుడు నవ్వింది. నవ్వి, చారు కావాలా అని అడిగింది. రెండు దాటింది, అన్నం తిని గంటకు పైనే అయింది. భూమేశ్ కావాలన్నాడు.

ఆదివారం గృహప్రవేశానికి వచ్చినవాళ్ళు గేటు చూడలేదు, తలుపు చెక్క చూడలేదు. హాలులోకి రాగానే అందరూ ఆగారు. పొద్దుటి ఎండ కిటికీలోంచి పడి గోడలన్నీ జున్నుపాలు పోసినట్టు వెచ్చగా వెలుగుతున్నాయి. కనకరత్నం గారు మీగడ అన్నది తానేనని అందరికీ చెప్పుకున్నారు. భూమేశ్ వచ్చిన ప్రతివాణ్ణీ చెయ్యి పట్టుకుని గోడ దగ్గరికి తీసుకుపోయి, ఇది గంగామణి ఏరిన రంగని, పదిహేను రోజులు చూసి ఏరిందని, తనకు కూడా ఇంత కన్ను లేదని చెప్పాడు. ఒకే మనిషికి రెండుసార్లు కూడా చెప్పాడు. గంగామణి పట్టుచీర కొంగు సవరించుకుంటూ, ఏమీ విననట్టు నటిస్తూ, గోడకు కాస్త దగ్గరగానే నిలబడింది. మర్నాడు మేస్త్రీ వచ్చి వంటగది గట్టు నాలుగు అంగుళాలు దించాడు.

మిగిలింది పదమూడో నంబరు డబ్బా. పారెయ్యడం ఎందుకని భూమేశ్ దానితో పొలం దగ్గరి మోటారు గదికి లోపల ఒక గోడ వేయించాడు. రెండు రోజుల తర్వాత, ఎవరూ లేనప్పుడు వెళ్ళి, హాలు రంగు పూసి ఎండబెట్టిన అట్టముక్క ఒకటి జేబులోంచి తీసి ఆ గోడకు ఆనించాడు. వెనక్కి వాలాడు, గడ్డం ఎత్తాడు, దగ్గరికి పోయాడు, దూరం జరిగాడు. అట్ట ఎక్కడ అయిపోయిందో, గోడ ఎక్కడ మొదలైందో మిషన్ కన్నుకు దొరకలేదు. అట్టను మడిచి జేబులో పెట్టుకుని ఇంటికి వచ్చాడు.

నెల దాటాక, రాళ్ళు పగిలే రోహిణి ఎండల్లో, పీట అవసరం లేని గట్టు దగ్గర రొట్టె కాలుస్తూ గంగామణి అడిగింది, మోటారు గదిలో నీ రంగు ఎట్లొచ్చిందని.

"ఇంక ఆరలే" అన్నాడు భూమేశ్.